బీపీ మిషన్‌లో మూడో అంకె ఎవరు రాస్తారు? వైద్యారోగ్య శాఖకు బహిరంగ లేఖ

ఉమ్మడి పాలమూరు, నల్లగొండ జిల్లాల వైద్యారోగ్య శాఖ అధికారులకు, ముసలివాళ్ళకు మతిమరుపు మందులు రాసే డాక్టర్లకు,

నమస్కారం. మీకు పని ఎక్కువ, మనుషులు తక్కువ. ఆ సంగతి తెలిసే రాస్తున్నాను కాబట్టి నేరుగా విషయానికి వస్తాను: మతిమరుపు గోలీలు వేసుకునే ముసలివాళ్ళ నాడిని ఎవరూ రాసిపెట్టకపోవడం గురించి ఈ లేఖ.

నేను పాలమూరు వైపు ఒక ప్రైవేటు బడిలో లెక్కలు చెబుతాను. డాక్టర్ని కాను. మా అమ్మ గురించి రెండు సోమవారాలు ప్రజావాణి లైన్లో నిలబడి అర్జీ ఇచ్చాను. రెండుసార్లూ రసీదు చేతికొచ్చింది, జవాబు రాలేదు. ఫోన్ చేసి అడిగితే "సంబంధిత శాఖకు పంపినం మేడం" అన్నారు. ఆ సంబంధిత శాఖ మీరే. అందుకే ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను.

అమ్మకు 74 ఏళ్ళు. యాదిమరుపు నాలుగేళ్ళ కింద మొదలైంది. మొదట పొయ్యి మీద పాలు మరిచిపోయేది, తర్వాత మనవల పేర్లు. "బర్రెను కట్టేసినవా?" అని రోజుకు పదిసార్లు అడుగుతుంది. ఆ బర్రెను అమ్మేసి తొమ్మిదేళ్ళయింది. కానీ జొన్నపిండి ముందు కూర్చోబెడితే చాలు, రొట్టె గుండ్రంగా, పలచగా కొట్టేది. కొట్టేది అని ఎందుకు రాయాల్సి వచ్చిందో చెబుతాను.

పట్నంలో ఒక పెద్ద డాక్టరు చూసి అల్జీమర్స్ అన్నారు. డొనెపెజిల్ 5 మిల్లీగ్రాముల గోలీ రాశారు. నెల తర్వాత దాన్ని 10 చేశారు. అప్పటికి అమ్మ ఎనిమిదేళ్ళుగా బీపీకి మెటోప్రొలాల్ వేసుకుంటోంది. అది రాసింది మా టౌన్లో ఇంకో డాక్టరు. ఈయన రాసిన చీటీ ఆయన చూడలేదు, ఆయన రాసింది ఈయన అడగలేదు. చూపించాలన్న తెలివి మాకూ లేకపోయింది.

10 మొదలుపెట్టిన మూడో వారం, పొద్దున్నే గోళెం దగ్గర ముఖం కడుక్కుంటూ పడిపోయింది. కాలు జారలేదు, నేల పొడిగానే ఉంది. నేను ఉరికేసరికి చెంబు ఇంకా చేతిలోనే ఉంది, కళ్ళు తెరిచే ఉన్నాయి, మనిషికి మాత్రం సోయి లేదు. అరనిమిషంలో లేచి కూర్చుని "నీళ్ళు ఒలికినయా?" అని అడిగింది. నుదుటికి నాలుగు కుట్లు పడ్డాయి. దవాఖానలో తలకు స్కాన్ తీశారు. ఈసీజీ తీయలేదు. "ముసలామె, మతి లేదు, పడ్తది గదమ్మా" అన్నారు.

పదకొండు రోజులకు మళ్ళీ పడింది. ఈసారి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు ఈసీజీ తీయించారు. గుండె నిమిషానికి 38 సార్లు కొట్టుకుంటోంది. ఆయన మా గోలీల కవరు అడిగి తీసుకున్నారు. ఒక్కో స్ట్రిప్పూ బయటికి తీసి టేబుల్ మీద పేర్చారు. అందులోంచి రెండింటిని జరిపి పక్కపక్కన పెట్టి, "ఇవి రెండూ కలిసి గుండెను నెమ్మది చేసినయమ్మా" అన్నారు. రెండూ ఆపారు. నాలుగో రోజు నాడి 52కు చేరాక ఆపరేషన్ చేశారు. రెండు వారాలకు 66కు వచ్చింది. గుండె లయ తప్పకుండా ఒంట్లో పెట్టే చిన్న మిషన్, పేస్‌మేకర్, అవసరం పడలేదు. రెండు గోలీల సంగతి మొదటిసారి పడ్డప్పుడే ఎవరైనా చూసి ఉంటే తుంటి విరిగేది కాదేమో. ఇప్పుడు అమ్మ వాకర్ పట్టుకుని మంచం నుంచి గడప దాకా నడుస్తుంది. కింద కూర్చోలేకపోతోంది కాబట్టి రొట్టె కొట్టలేకపోతోంది.

ఇంటికొచ్చాక అమ్మ బీపీ పుస్తకం ముందేసుకుని కూర్చున్నాను. ఆశా అక్క, ఏఎన్‌ఎం వచ్చినప్పుడల్లా రాసిన పుస్తకం అది. తేదీ, పైన అంకె, కింద అంకె. 130/80. 126/78. 134/82. అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి. కానీ ఆ మిషన్ తెర మీద వచ్చేవి మూడు అంకెలు. మూడోది నాడి, అంటే నిమిషానికి గుండె ఎన్నిసార్లు కొట్టుకుంటోందో చెప్పే అంకె. ఆ అంకెకు పుస్తకంలో గడి లేదు. అమ్మ మొదటిసారి పడడానికి మూడు రోజుల ముందు కూడా బీపీ చూశారు. 128/76 అని రాసి ఉంది. మూడో అంకె ఆ పూట తెర మీద వెలిగే ఉంటుంది. ఆశా అక్క చూసింది, నేనూ చూసే ఉంటాను. ఇందులో ఆమె తప్పు ఏమీ లేదు. ఫారంలో గడి లేనిదాన్ని ఆమె ఎక్కడ రాస్తుంది?

ఆ తర్వాత మా మండలంలో, చుట్టుపక్కల మండలాల్లో ఇలాంటి ఇళ్ళు వెతుక్కుంటూ వెళ్ళాను. ఏడు కుటుంబాలం కలిశాం. మతిమరుపు జబ్బు (డిమెన్షియా) అని మనం ఒకే పేరుతో పిలిచేది నిజానికి ఒక్క జబ్బు కాదని, గుండె లయతో ఒక్కోదానికి ఒక్కో రకం తిప్పలు ఉంటాయని అక్కడే తెలిసింది. మాకు అర్థమైనంతలో రాస్తున్నాను. తప్పుంటే దిద్దండి, కానీ జవాబు మాత్రం ఇవ్వండి.

1. అల్జీమర్స్ ఉన్నవాళ్ళు, వాళ్ళ గోలీలు. డొనెపెజిల్, రివాస్టిగ్మిన్, గాలంటమిన్ మెదడులో అసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని నిలబెడతాయి. అదే రసాయనం, మెదడు నుంచి గుండెకు వెళ్ళే వేగస్ నరం ద్వారా గుండెను నెమ్మది చేస్తుంది. గోలీకి మెదడు ఏదో, గుండె ఏదో తెలియదు కదా. ఎక్కువమందికి దీనివల్ల ఏమీ కాదు. గుండెలోని కరెంటు వ్యవస్థ అప్పటికే బలహీనపడినవాళ్ళకు, లేదా మెటోప్రొలాల్, అటెనొలాల్, డిల్టియాజెమ్, వెరపామిల్, డిజాక్సిన్ లాంటి బీపీ, గుండె గోలీలు వాడేవాళ్ళకు నాడి పడిపోయే ప్రమాదం ఎక్కువ. 2009లో కెనడాలోని ఒంటారియో నుంచి ఒక పెద్ద పరిశీలన వచ్చింది. ఈ రకం గోలీలు వాడే డిమెన్షియా రోగుల్లో ఏడాదికి వెయ్యి మందికి 31.5 మంది సోయి తప్పి ఆస్పత్రి చేరారు. వాడనివాళ్ళలో ఆ లెక్క 18.6. పేస్‌మేకర్ పెట్టించుకోవడం, తుంటి విరగడం కూడా వాడేవాళ్ళలోనే ఎక్కువగా కనిపించాయి. మా ఇంట్లో జరిగింది వింతేమీ కాదని నాకు అప్పుడే తెలిసింది.

ఇంకో చిక్కుంది. మన దగ్గర డొనెపెజిల్, ఇంకో మతిమరుపు మందు మెమంటిన్ రెండూ కలిపిన గోలీ కూడా అమ్ముతారు. పైన కంపెనీ పేరు పెద్దగా, లోపలి మందుల పేర్లు చీమ తలంత. మాలో ఒక ఇంట్లో అలాంటి గోలీ ఒకటి, విడిగా డొనెపెజిల్ ఒకటి, రెండూ వేస్తున్నారు. రెండు చీటీలు, ఇద్దరు డాక్టర్లు. ఐదు నెలలు అలాగే నడిచింది.

నేను ఆ గోలీని తిట్టడం లేదు. మా గుంపులోనే ఒక పెద్దమ్మకు అది బాగా పనిచేసింది, కూతురి పేరు మళ్ళీ పిలుస్తోంది. ఈ లేఖ చదివి ఎవరూ సొంతంగా గోలీలు ఆపొద్దు. బీపీ, గుండె గోలీలు ఉన్నట్టుండి ఆపితే అది వేరే ముప్పు.

2. లూయీ బాడీ డిమెన్షియా ఉన్నవాళ్ళు. ఈ జబ్బు మెదడుతో ఆగదు. గుండెకు, రక్తనాళాలకు వెళ్ళే నరాలను కూడా దెబ్బతీస్తుంది. చాలామందికి మంచం మీంచి లేవగానే బీపీ దబ్బున పడిపోతుంది, కళ్ళు తిరుగుతాయి, మనిషి కూలబడతాడు. మా గుంపులో ఒక తాత ఉన్నాడు. గదిలో చిన్న పిల్లలు ఆడుకుంటున్నారని, వాళ్ళకు అన్నం పెట్టమని కోడలితో గొడవపడేవాడు. గాలి సోకిందని మొదట తాయెత్తు కట్టించారు. తర్వాత ఒకచోట నిద్ర పట్టడానికని హాలోపెరిడాల్ అనే మానసిక జబ్బుల మందు ఇచ్చారు. రెండు రోజుల్లో మనిషి కట్టెలా బిగుసుకుపోయాడు, మింగడం ఆగింది. ఈ రకం రోగులకు అలాంటి మందులు తీవ్రంగా వికటించవచ్చని డాక్టర్లకు తెలిసిన విషయమే. కానీ తాతకు ఉన్నది ఏ రకమో ఎవరూ చీటీ మీద రాయలేదు. రాయకపోతే రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరుకు ఎట్లా తెలుస్తుంది?

3. రక్తనాళాల వల్ల వచ్చే డిమెన్షియా. ఇక్కడ దారి కొన్నిసార్లు గుండె నుంచే మొదలవుతుంది. గుండె పై గదులు లయ తప్పి వణుకుతాయి, దీన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. అక్కడ రక్తం గడ్డకట్టి మెదడుకు ఎగబాకితే పక్షవాతం వస్తుంది. ఈ లయ తప్పినవాళ్ళకు పక్షవాతం ముప్పు సుమారు ఐదు రెట్లు. చిన్న చిన్న గడ్డలైతే బయటికి తెలియకుండానే మెదడును కొరుకుతూ పోతాయి. పక్షవాతం రాకపోయినా, ఈ లయ దోషం ఉన్నవాళ్ళలో మతిమరుపు ఎక్కువని కూడా గమనించారు.

మా పక్క ఊరి పెద్దాయన కథ ఇదే. ఇద్దరు కొడుకులూ బొంబాయిలో మేస్త్రీ పనిలో ఉన్నారు. పాలమూరు ఇళ్ళు ఎట్లుంటాయో మీకు నేను చెప్పాలా? ఇంట్లో ఆయన, ఆయన భార్య. రక్తం పలచన చేసే వార్ఫరిన్ ఇచ్చారు. దానికి రక్తం ఎంత త్వరగా గడ్డకడుతుందో చూసే పీటీ ఐఎన్ఆర్ పరీక్ష తరచుగా చేయించి అంకెను 2, 3 మధ్య ఉంచాలి. ఆ పరీక్షకు ఆమె ఆయన్ను బస్సెక్కించి పట్నం తీసుకెళ్ళాలి. ఆయన బస్సు దిగి ఎటో నడిచిపోతాడు. మూడోసారికి ఆమె పరీక్ష మానేసింది. పైగా ఆయన గోలీ వేసుకున్నాడో లేదో ఆయనకు గుర్తుండదు, ఆమెకు అక్షరాలు రావు. ఒకరోజు రెండుసార్లు వేసుకుంటే రక్తస్రావం భయం, నాలుగు రోజులు మానేస్తే గడ్డ భయం. ఆమెకు పడుకున్నా టెన్షనే.

4. రకం ఏదైనా, చేతికి అందిన మందు. జ్వరానికి అజిత్రోమైసిన్, వాంతికి ఒండాన్‌సెట్రాన్, గ్యాస్ గోలీలో కలిసి వచ్చే డోంపెరిడోన్, కోపానికి హాలోపెరిడాల్, దిగులుకు ఎసిటలోప్రామ్. ఈసీజీలో క్యూటీ అనే భాగాన్ని, అంటే గుండె ఒకసారి కొట్టుకుని మళ్ళీ సిద్ధమవడానికి పట్టే సమయాన్ని, సాగదీయగల మందులివి. డొనెపెజిల్‌కూ ఆ గుణం ఉంది. ఒక్కొక్కటిగా ఇస్తే చాలామంది తట్టుకుంటారు. రెండు మూడు కలిసి, పైన విరేచనాలతో ఒంట్లో పొటాషియం పడిపోతే గుండె ప్రమాదకరంగా గతి తప్పవచ్చు. మే నెల ఎండలో వాంతులు, విరేచనాలతో వచ్చిన ముసలావిడకు ఊళ్ళో ఆర్ఎంపీ వెంటనే ఏం రాస్తాడో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

5. చెప్పుకోలేకపోవడం. నాకు దడ వస్తే నేను చెబుతాను. అమ్మను "గుండెల ఎట్లున్నది?" అని అడిగితే "బర్రె" అంటుంది. డిమెన్షియా ఉన్న మనిషి గుండె నొప్పినీ, కళ్ళు తిరగడాన్నీ చూపించేది వేరే తీరులో: అన్నం తోసేయడం, ఊరికే అరవడం, ఉన్నట్టుండి మగతగా ఉండడం. వాటిని మనం "మతి ఇంకా చెడింది" అని లెక్కేసి ఇంకో నిద్రగోలీ వేస్తాం. నేనూ వేశాను.

6. పడ్డాక అయ్యే ఖర్చు. ఆపరేషన్, అంబులెన్సు, మందులు, వాకర్ అన్నీ కలిపి మాకు జేబులోంచి 1,40,000 రూపాయలు పోయాయి. మా టౌన్లో ఈసీజీకి 200 తీసుకుంటారు. నేను నాలుగు నెలలు బడికి సెలవు పెట్టాను, అందులో మూడు నెలలు జీతం లేదు. నల్లగొండ వైపు మర్రిగూడ, చండూరు ప్రాంతాల్లో ఫ్లోరైడ్ నీళ్ళు తాగి వెన్ను, కీళ్ళు బిగుసుకుపోయిన ముసలివాళ్ళు ఉన్నారు. వాళ్ళు ఒకసారి పడితే మళ్ళీ లేవడం ఎంత కష్టమో అక్కడ పనిచేసిన డాక్టర్లను అడగండి.

దేశంలో 60 దాటినవాళ్ళలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని 2023లో వచ్చిన జాతీయ అంచనా. పల్లెల్లో వీళ్ళలో ఎంతమందికి జబ్బు పేరైనా తెలుసు? "చాదస్తం" అనే మాటతో సరిపెట్టే ఇళ్ళే ఎక్కువ. పేరు తెలిసి, మందు దాకా వచ్చిన కొద్దిమందినైనా ఆ మందు వల్ల పడిపోకుండా చూడమని అడుగుతున్నాం.

మా కోరికలు ఇవి.

1. బీపీ పుస్తకంలో, ఫారాల్లో, ట్యాబులో నాడికి ఒక గడి పెట్టించండి. దీనికి బడ్జెట్ అక్కర్లేదు, మిషన్ ఆ అంకెను ఇప్పటికే చూపిస్తోంది. నాడి 50 కంటే తగ్గినా, కొట్టుకోవడంలో వరస తప్పినా పీహెచ్‌సీ డాక్టరుకు ఫోన్ చేయమని ఆశాలకు, ఏఎన్‌ఎంలకు రాతపూర్వకంగా చెప్పండి. వరస తప్పిందో లేదో చేత్తో నాడి పట్టి చూడడం ఒక పూట శిక్షణతో వస్తుంది. నా ఎనిమిదో తరగతి పిల్లలకు 30 సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించడం నేర్పాను, పది నిమిషాల్లో నేర్చుకున్నారు.

2. డొనెపెజిల్ లాంటి గోలీ మొదలుపెట్టే ముందు ఒక ఈసీజీ, మోతాదు పెంచాక ఇంకోటి. డాక్టర్లారా, ఇది మీకు నేరుగా చేస్తున్న మనవి. మీ చీటీలో "ఈసీజీ చూశాను, నాడి ఇంత" అని ఒక్క లైను రాయండి. అధికారులారా, పీహెచ్‌సీలో ఈసీజీ మిషన్ ఉండడం వేరు, దానికి కాగితం రోలు, తీసే మనిషి ఉండడం వేరు. రెండోది చూడండి.

3. డిమెన్షియా ఉన్న మనిషి పడిపోయి వస్తే "వయసు" అని రాసి పంపొద్దు. ఈసీజీ తీయాలి. పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడాలి. గోలీల కవరు మొత్తం టేబుల్ మీద పోసి చూడాలి. మా అమ్మను కాపాడింది ఆ కవరు అడిగిన మత్తు డాక్టరే.

4. చీటీ మీద ఉత్త "డిమెన్షియా" అని కాకుండా ఏ రకమో రాయండి. ఇంకా తేలకపోతే తేలలేదనే రాయండి. లూయీ బాడీ అనుమానం ఉంటే, హాలోపెరిడాల్ లాంటివి ఇవ్వొద్దని పెద్ద అక్షరాల్లో, తెలుగులో రాయండి. దవాఖానకు తీసుకొచ్చేది చాలాసార్లు అక్షరం రాని భార్యో, డిగ్రీ చదివే మనవడో.

5. ఐఎన్ఆర్ పరీక్ష ఏరియా ఆస్పత్రిలోనే దొరకాలి. 2022 జాతీయ అత్యవసర మందుల జాబితాలో రక్తం పలచన చేసే ఇంకో మందు డాబిగాట్రాన్ చేరింది. ఇలాంటి మందులకు మాటిమాటికీ ఐఎన్ఆర్ చూసే పని లేదు. కిడ్నీ పరీక్ష చూసి, ఎవరికి సరిపోతుందో మీ డాక్టర్లే తేల్చి, సర్కారు దవాఖానలో ఉచితంగా ఇవ్వండి. నెల మధ్యలో స్టాక్ అయిపోయిందని పంపే మందు మాకు అక్కర్లేదు. ఈ మందు నాలుగు రోజులు ఆగినా ముప్పే.

6. మెడికల్ షాపుల వాళ్ళకు, ఆర్ఎంపీలకు ఒక పేజీ కాగితం ఇవ్వండి, తెలుగులో: మతిమరుపు గోలీలు వేసుకునేవాళ్ళకు ఏయే మందులు అడగకుండా ఇవ్వకూడదో. ఆర్ఎంపీలు అసలు ఉండాలా వద్దా అన్న వాదన మీరు తర్వాత పెట్టుకోండి. రాత్రి పదకొండింటికి మా ఊళ్ళో తలుపు తీసేది ఆయనొక్కడే.

7. ఈ లేఖకు 30 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. వీటిలో ఏది చేయగలరు, ఏది చేయలేరు, ఎందుకు. "పరిశీలిస్తాం" అన్న మాట వద్దు, ఆ మాటతో రెండు రసీదులు నా దగ్గర ఇప్పటికే ఉన్నాయి.

జవాబు రాకపోతే ఏడు కుటుంబాలం కలిసి మళ్ళీ ప్రజావాణికి వస్తాం. రోగులను తీసుకురాం, వాళ్ళను లైన్లో నిలబెట్టలేం. బీపీ పుస్తకాలు తెస్తాం. అమ్మ పుస్తకంలో 128/76 పక్కన ఎర్ర పెన్నుతో నేను ఒక గడి గీశాను. అది ఖాళీగా ఉంది. ఆ కింది లైన్ల నుంచి మా ఆశా అక్క తనంతట తానే మూడో అంకె రాస్తోంది: 66, 64, 68, 66.

ఇట్లు,
ఒక కూతురు,
ఏడు కుటుంబాల తరఫున,
ఉమ్మడి పాలమూరు జిల్లా